హాజరులో ఉన్న దెయ్యం

రత్నం నోటుపుస్తకంలో ఆ సోమవారం చెయ్యవలసిన పనులు ఇలా ఉన్నాయి:

అవిసెగింజలు నానబెట్టాలి. రాణీగారి విగ్గుకు అలలు వెయ్యాలి.
దివాన్‌గారి బుగ్గలకు గుంటలు పెట్టాలి. తిండి తగ్గించమంటే వినడం లేదు.
డాక్టరు దొర మీసానికి మైనం తేవాలి.
రాణీగారి కళ్ళకింద నీలం తగ్గించాలి. ఎవరో కొట్టినట్టుంది. తను పోతే ఎవరూ ఏడవనట్టు ఉండాలి.
అద్దం దగ్గర రెండో బల్బు కోసం మళ్ళీ అర్జీ పెట్టాలి.
కరపత్రంలో మాస్టారి పేరు వేయించాలి.
కొత్త యంత్రంలో మా ముఖాలు నమోదు చేయించుకోవాలి.

ఆఖరి పనికి అయిదు నిమిషాలు చాలనుకుంది. అందుకే ఆఖర్న రాసుకుంది. ఆ అయిదు నిమిషాల పని ఇరవై రోజులు సాగి, తనకు సరిగ్గా పైనున్న పనిని మింగేసింది.

రత్నం పూర్తి పేరు నూకరత్నం. సామర్లకోటలో రైలు గేటు దగ్గర వాళ్ళ నాన్నకు సెలూన్ ఉంది. మూడు తరాలుగా ఊరివాళ్ళ తలలు దిద్దిన ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తల రత్నానిది. రంగస్థల కళల్లో పట్టా పుచ్చుకుని, కాకినాడలో రంగకళా వికాస సంస్థలో, రూపాలంకరణ విభాగంలో ఒప్పంద ఉద్యోగిగా చేరింది. కష్టపడి చదువుకున్న పిల్ల కనుక వచ్చిన ప్రతి సర్క్యులరూ మొదటి నుంచి చివరిదాకా చదివేది. సంస్థలో ఆ అలవాటు ఇంకెవరికీ లేదు, రాసినవాళ్ళతో సహా.

విభాగంలో ఉన్నది ఇద్దరే. రత్నం, తాతారావు మాస్టారు. మాస్టారు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే అద్దం ముందు నిలబడి నూట పన్నెండు నాటకాలకు మనుషుల్ని తయారుచేశారు. ఆ నూట పన్నెండు కరపత్రాల్లోనూ దీపాలు వెలిగించినవాళ్ళ పేర్లున్నాయి, మైకు పెట్టినవాళ్ళ పేర్లున్నాయి, టీ టిఫిన్లు అందించిన హోటలు పేరుంది. మొహాలు చేసినవాడి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. ఈ నెలాఖరుకు మాస్టారు రిటైరవుతారు. ఇది ఆయన ఆఖరి నాటకం. ఇందులోనైనా ఆయన పేరు పడాలని రత్నం పట్టుబట్టి, సూపరింటెండెంట్ విశాలాక్షిగారి దగ్గరికి నాలుగుసార్లు తిరిగి, అయిదోసారి మాట తీసుకుంది.

"వేస్తామమ్మా. నిబంధనల ప్రకారం," అన్నారావిడ.

నాటకం పేరు 'దివాణంలో దివ్వె'. పందొమ్మిదివందల ఇరవై అయిదులో ఒక జమీందారు మేడ. తాళం వేసిన గదిలో ప్రాణం పోయిన పడుచు రాణి చంద్రాయమ్మ, రోజూ సాయంత్రం చేతిలో దీపంతో మెట్లెక్కుతుంటుంది. తాళం వేసిన దివాన్, జ్వరంతో పోయిందని కాగితం రాసిచ్చిన డాక్టరు దొర కిందినుంచి చూస్తుంటారు. తొమ్మిదిమంది నటులు. బతికున్న ఎనిమిదిమందినీ వందేళ్ళు వెనక్కి పంపాలి. పోయిన ఒక్కదాన్నీ అక్కణ్ణుంచి వెనక్కి తేవాలి. రెండూ మేకప్ గది పనే.

రాణి వేషం హైమావతిది. నలభై దాటిన మనిషి, చామనఛాయ, పెద్ద నవ్వు. మొదటిరోజు రత్నం ఆమె మొహానికి జింకు పొడి తెల్లగా పట్టించబోతే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, తెల్లగా పూస్తే అది దెయ్యం కాదు, సున్నం. మన చాయ మనిషి పోతే బూడిదరంగు తేలుద్ది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతాయి. చచ్చినోళ్ళని చూడలేదా ఎప్పుడూ?"

"లేదండి."

"అదృష్టవంతురాలివి. నన్ను చూసి నేర్చుకో."

"నన్నెందుకు చంపుతారు మాస్టారూ అలా సరదాపడి!" అని హైమావతి కుర్చీలోంచే నవ్వింది.

విగ్గు మాస్టారిదే. ఆ కాలపు దొరసానుల ఫ్యాషను చూసి జమీందారిణులు నేర్చిన తీరు అది. పక్కపాపిడి, చెవుల మీదుగా నీటి అలల్లా ఒంపులు తిరిగిన జుట్టు, మెడమీద చిన్న ముడి. అవిసెగింజల జిగురు రాసి, దువ్వెనతో ఒక అల, వేలితో ఒక అల, ఒక్కొక్కటీ ఆరేదాకా పట్టుకుని కూర్చోవాలి. అందుకు నల్లటి, పొడుగాటి, అసలు జుట్టు కావాలి. మాస్టారి భార్య బుల్లెమ్మగారు ముప్ఫై ఏళ్ళుగా దువ్వెనకొచ్చిన వెంట్రుకలు పోగుచేసి కట్టించుకున్న సవరం ఇచ్చేశారు. "ఇంక నాకెందుకండి, ముడికే నాలుగు వెంట్రుకల్లేవు," అన్నారట.

ఇంతలో గేటు దగ్గరికి యంత్రం వచ్చింది.

సంచాలకులుగారు మత్స్యశాఖ నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చారు. ఉత్సాహవంతులు. యంత్రానికి పూలదండ వేసి, దాని ముందు అందర్నీ నిలబెట్టి ఉపన్యసించారు. "ఇకపై ఈ సంస్థలో మనిషి చెప్పేది ప్రమాణం కాదు. ముఖం చెప్పేదే ప్రమాణం. గేటు దాటేటప్పుడు ఒకసారి, రంగస్థలంలో ప్రవేశించేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి ముఖం చూపించాలి. మొదట చూపిన ముఖమే లెక్క. ఈ ఇరవై రోజుల రిహార్సల్స్‌లో డెబ్బై అయిదు శాతం హాజరు, అనగా పదిహేను రోజులు ఉన్న పర్మినెంటు సిబ్బంది పేర్లే కరపత్రంలో ముద్రించబడును."

రత్నం చప్పట్లు కొట్టింది. మాస్టారు ఉద్యోగంలో చేరింది మొదలు సెలవు పెట్టింది మూడుసార్లు. పదిహేను రోజులు ఒక లెక్కా?

యంత్రం అందర్నీ పలకరించింది. రత్నాన్ని పలకరించింది. మాస్టారిని చూసి మాత్రం ఎర్రదీపం వెలిగించి, "ముఖం సరిపోలలేదు. మళ్ళీ ప్రయత్నించండి," అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి ప్రయత్నించారు. పెట్టుకుని ప్రయత్నించారు. నవ్వి ప్రయత్నించారు. విశాలాక్షిగారు తెరమీదికి వంగి చూశారు. పర్మినెంటు ఉద్యోగులందరి ఫోటోలూ సర్వీసు రిజిస్టర్లలోంచి ఎక్కించారు. మాస్టారి రిజిస్టర్లో అతికించి ఉన్నది పందొమ్మిదివందల ఎనభై ఏడు నాటి ఫోటో. చెవుల్ని కప్పేసిన గుబురు జుట్టు, దవడదాకా పెంచిన చెంపల జుట్టు, కిందికి ఒంగిన నల్ల మీసం, ఇంతేసి కాలరు. యంత్రం ముందు నిలబడి ఉన్నది నెత్తిన జుట్టు లేని అరవై రెండేళ్ళ మనిషి.

"ఫోటో మార్చండి మేడమ్," అంది రత్నం.

"పైనుంచి ఎక్కించిన ఫోటో. మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలి. అర్జీ ఇవ్వండి."

"వచ్చేదాకా?"

"వచ్చేదాకా గైర్హాజరు. లోపలికి వెళ్ళి పనిచేసుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు."

రెండోరోజు మొదటిసారి పూర్తి మేకప్‌తో రిహార్సల్ జరిగింది. మూడుగంటలసేపు మెట్లెక్కడాలు, మూర్ఛపోవడాలు అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. తెల్లారేసరికి రత్నం బల్లమీద మెమో ఉంది.

'విషయము: కళాకారుల ముఖములు – యంత్రముతో సరిపోలకపోవుట – సంజాయిషీ కోరుట – గురించి. నిన్నటి దినమున రంగస్థలముపై తొమ్మిదిమంది వ్యక్తులు మూడు గంటలపాటు నటించుచుండగా, సదరు సమయమున తొమ్మిదిమంది కళాకారులును రంగస్థలమున ప్రవేశించలేదని యంత్రము వలన తెలియవచ్చుచున్నది. కావున నటించినది ఎవరో ఇరువదినాలుగు గంటలలోగా తెలియజేయవలెను.'

రత్నం ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే రాస్తుంది. 'నటించినది మన కళాకారులే. వాళ్ళు వాళ్ళలా కనపడకుండా చెయ్యడం నా ఉద్యోగం. నియామక పత్రం నకలు జతచేశాను,' అని రాసి సంతకం పెట్టింది.

దానిమీద విశాలాక్షిగారు ఎర్రసిరాతో ఒక వాక్యం రాసి పైకి పంపారు. 'ఉద్యోగి నేరము అంగీకరించినది.'

సంచాలకులుగారు సమావేశం పెట్టారు.

"మత్స్యశాఖలో ఉండగా నేను పన్నెండు లక్షల చేపపిల్లల్ని లెక్క పెట్టించాను. తొమ్మిదిమంది దెయ్యాల్ని లెక్కపెట్టలేమా?"

"దెయ్యం ఒకటేనండి," అంది రత్నం. "తక్కిన ఎనిమిదిమందీ మనుషులే. పాతకాలం మనుషులు."

"పాతకాలం మనుషులంటే, ఇప్పుడు ఉన్నారా?"

రత్నం ఆలోచించింది. "లేరండి."

"మరి!"

కాసేపటికి ఆ ఎనిమిదిమందికీ దారి దొరికింది. మీసాలూ విగ్గులూ రంగస్థలం తలుపు దాటాక, తెర వెనక పెట్టెయ్యొచ్చు. రాణీగారికి అలా కుదరదు. ఆ మొహానికి అద్దం ముందు రెండు గంటలు పడుతుంది.

"దెయ్యం ఉండకూడదని ప్రభుత్వం అనడం లేదు," అన్నారు సంచాలకులుగారు. "దెయ్యం ఉండాలి. కాని ఆ దెయ్యంలో మన ఉద్యోగి కనీసం డెబ్బై శాతం కనపడాలి. ముప్ఫై శాతం మేరకు భయపెట్టడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. పారదర్శకత అంటే అదేకదా."

మాస్టారు చెయ్యెత్తారు. "ముప్ఫై శాతం పోయినవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్తారండి. మెట్లెక్కించరు."

అయినా సర్క్యులరు సర్క్యులరే. రత్నం నీలం తుడిచింది, బూడిదరంగు పలచన చేసింది, అలలు సగం విప్పింది. హైమావతి దీపం పట్టుకుని మెట్లెక్కింది. సంచాలకులుగారు ముందు వరసలో కూర్చుని చూశారు. కాసేపు చూసి, పక్కకు ఒంగి, "ఆవిడ మంచినీళ్ళ కోసం లేచినట్టుందేంటండి?" అన్నారు. యంత్రం కూడా సంతృప్తి పడలేదు. 'సరిపోలిక అరవై ఎనిమిది' అని చూపించింది.

నాలుగోరోజు కొత్త ఉత్తర్వు వచ్చింది. దెయ్యాన్ని ఉద్యోగికి సరిపోల్చడం కుదరనందున, ప్రయోగాత్మకంగా దెయ్యాన్నే ఉద్యోగిగా నమోదు చెయ్యవలెను.

హైమావతిని పూర్తి మేకప్‌తో విశాలాక్షిగారి ముందు కూర్చోబెట్టారు. ఆవిడ కంప్యూటర్ వంకే చూస్తూ అడిగారు. దెయ్యం వంక ఒక్కసారీ చూడలేదు.

"పేరు?"

"రాణి చంద్రాయమ్మ," అంది రత్నం.

"చిరునామా?"

"దివాణం, మేడమీద, తాళం వేసిన గది."

"పుట్టిన తేదీ?"

"పద్దెనిమిదివందల తొంభై తొమ్మిదండి."

కంప్యూటర్ కుయ్యిమంది. "పదవీ విరమణ వయసు దాటిపోయిందంటోంది. ఏదైనా దగ్గర్లో ఉన్న తేదీ చెప్పమ్మా. ఒకటి ఒకటి పందొమ్మిదివందల తొంభై వేస్తున్నాను."

"పుట్టడానికి అరవై అయిదేళ్ళ ముందే పోయింది పాపం," అన్నారు మాస్టారు, మెల్లిగా.

"అంగవైకల్యం ఏమైనా ఉందా?"

"చనిపోయిందండి," అంది రత్నం.

"ఆ గడి లేదు. 'లేదు' అని వేస్తున్నా. విభాగం? నటవర్గంలో ఖాళీ లేదు. ఈ ముఖం తయారుచేసింది ఎవరు?"

"మేమేనండి."

"అయితే రూపాలంకరణ విభాగం. అందులో సహాయకుడి పోస్టు పదకొండేళ్ళుగా ఖాళీ. అందులో వేసేస్తున్నా. పర్మినెంటు పోస్టే."

మాస్టారు గది బయటికొచ్చి గోడకానుకుని చాలాసేపు నవ్వారు. "పదకొండేళ్ళుగా ఒక మనిషినిమ్మని అర్జీలు పెట్టానమ్మాయ్. ఇచ్చారు చూసేవా!"

అయితే ఒక చిక్కు మిగిలింది. ఒకరికి ఒకటే ముఖం. రాణి చంద్రాయమ్మను ఎక్కించగానే యంత్రంలోంచి హైమావతి చెరిగిపోయింది. మొదట చూపిన ముఖమే లెక్క కనుక, ఆవిడ గేటు దగ్గరికి రాణీగారిగానే రావాలి. రోజూ. ఉదయం పదింటికల్లా.

మర్నాటినుంచి రత్నం తెల్లవారకుండానే హైమావతి ఇంటికి వెళ్ళి మేకప్ చేసేది. యంత్రం రోజూ అదే మొహం చూడాలంటుంది. నీలం గోరంత అటూ ఇటూ అయినా ఒప్పుకోదు. రత్నం మొదటిరోజు ఫోటో అద్దానికి అంటించుకుని, చెవిమీద అల ఎక్కడ మలుపు తిరిగిందో దువ్వెన పళ్ళతో కొలుచుకుని, అచ్చు గుద్దినట్టు దించేది. తరవాత ఇద్దరూ షేర్ ఆటో ఎక్కేవారు.

మొదటిరోజు పాలపాకెట్లమ్మే అతను సైకిలు వదిలేసి పారిపోయాడు. మూడోరోజుకి, "ఏం రాణీగారూ, డ్యూటీకా?" అని పలకరించాడు. ఆటో అతనికి మాత్రం అలవాటు కాలేదు. "మీరెక్కితే పక్కనెవరూ కూచోడం లేదండమ్మా, ఖాళీగా తోలాల్సొత్తంది," అని గొణిగేవాడు. హైమావతి కొడుకు చదివే కాలేజీలో తల్లిదండ్రుల సమావేశం పెట్టి పిలిస్తే మధ్యాహ్నం అలాగే వెళ్ళొచ్చింది. "లెక్చరర్లెవరూ మావాడి మార్కుల గురించి ఒక్క మాటంటే ఒట్టు! వచ్చే సమావేశానికీ ఇలాగే వెళ్తానే రత్నం," అంది.

యంత్రం ముందు ఆవిడ నిలబడగానే పచ్చదీపం వెలిగేది. "శుభోదయం చంద్రాయమ్మ గారూ."

రాణీగారిగా ఆవిడ మొదటిసారి వచ్చిన రోజున వెనకే మాస్టారు నిలబడ్డారు. ఎర్రదీపం. "ముఖం సరిపోలలేదు."

అలా అయిదో రోజు కూడా గైర్హాజరు పడింది. రత్నం వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఇరవైలో అయిదు పోయాయి. ఇంక మిగిలింది పదిహేను. కావలసింది పదిహేను. ఒక్కరోజు జారినా పేరు పడదు. పై అనుమతి కోసం పెట్టిన అర్జీ ఇంకా కింది అంతస్తులోనే ఉంది.

"పోన్లే అమ్మాయ్," అన్నారు మాస్టారు. "ముప్ఫై ఎనిమిదేళ్ళు పడని పేరు. ఇప్పుడు పడకపోతే ఎవడేడుత్తాడు?"

రత్నం ఆయన మాట వినడం లేదు. తెరమీద ఎర్రదీపం పక్కన తేలిన ఎనభై ఏడు నాటి ఫోటోను చూస్తోంది. చెంపలు ఎక్కడ ఆగాయో, మీసం ఎక్కడ ఒంగిందో, పాపిడి ఏ వైపుందో చూస్తోంది.

"మాస్టారండీ, ఈయన్ని నేను చెయ్యగలను."

"ఎవర్ని?"

"మిమ్మల్ని."

ఆరోరోజు ఉదయం రాణీగారిని పూర్తిచేసి, ఆటోలో కూర్చోబెట్టుకుని, రత్నం మాస్టారి ఇంటికి వెళ్ళింది. వరండాలో కుర్చీ వేయించింది. కణతల దగ్గర సన్నటి గుడ్డపట్టీలు అంటించి, చర్మాన్ని వెనక్కి లాగి విగ్గు కింద ముడివేసింది. దవడదాకా చెంపలు అతికించింది. మాస్టారు కళ్ళు మూసుకునే తప్పులు దిద్దారు.

"ముసలాణ్ణి చెయ్యడం సుళువమ్మాయ్, గీతలు గీత్తే అయిపోద్ది. పడుచోణ్ణి చెయ్యాలంటే గీతలు చెరపాలి. ముక్కు పక్కన ఇంకాస్త. ఆ... చాలు. ఎక్కువ చెరిపితే నాకే ఉజ్జోగం ఇవ్వరు, పదోతరగతి పాసయ్యావా అంటారు."

బుల్లెమ్మగారు కాఫీ గ్లాసులతో గుమ్మంలోకొచ్చి ఆగిపోయారు. పమిట సర్దుకున్నారు. 

"అయ్ బాబోయ్. ఈయనా? ఈయన మా నాన్న వద్దంటన్నా వినకుండా సైకిలేసుకుని వచ్చినాయన కదండి!" అని, తరవాత తెప్పరిల్లి, గ్లాసు ఆయన చేతిలో పెట్టారు. "నా జుట్టేమో రాణీగారికిచ్చేరు. మీ మొహమేమో ఆ మిషనుకిస్తన్నారు. నాకేం మిగులుద్దండి మధ్యలో? సాయంత్రం ఈ మొహంతోనే ఇంటికి రండేం, కడిగేసుకోకుండా!"

గేటు దగ్గర యంత్రం ఒక్క క్షణం ఆలోచించింది. పచ్చదీపం వెలిగింది.

"శుభోదయం తాతారావు గారూ."

రత్నం ఆ రోజు నోటుపుస్తకంలో ఒకటి అని వేసుకుంది. తరవాత రెండు, మూడు. ఏడు దాకా ఏ ఆటంకమూ లేకుండా సాగింది. ఆటోలో రాణీగారికి ఆ పక్క మాస్టారు, ఈ పక్క రత్నం. ఇంక సీటు ఖాళీగా పోవడం లేదని ఆటో అతను కూడా సంతోషించాడు.

పన్నెండో రోజు సాయంత్రం సంస్థలో చిన్న సభ జరిగింది. యంత్రం వచ్చాక నూటికి నూరుశాతం హాజరు ఉన్న ఏకైక ఉద్యోగి రాణి చంద్రాయమ్మ. ఆవిడను ఉత్తమ ఉద్యోగిగా ఎంపిక చేసి సంచాలకులుగారు శాలువా కప్పారు. "బతికున్నవాళ్ళకు ఈవిడ ఆదర్శం కావాలి," అన్నారు. హైమావతి నమస్కారం పెట్టింది. ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు చూస్తుండగా సంచాలకులుగారి కళ్ళు వెనక వరసలో ఒక చోట ఆగాయి.

"ఈ చెంపల కుర్రాడెవరు?"

ఎవరో నిజం చెప్పేశారు. మర్నాటి మెమో రెండు పేజీలు.

'విషయము: తాతారావు అను ఉద్యోగి స్థానమున తాతారావును పోలిన యువకుడొకడు హాజరు వేయుట – విచారణ – గురించి.' విచారణ ముగిసేవరకు సదరు వ్యక్తి హాజరు నిలిపివేయవలెను.

విచారణాధికారి విశాలాక్షిగారు. విచారణ రెండు రోజులు జరిగింది. మొదటిరోజు మాస్టారు మామూలు మొహంతో యంత్రం ముందు నిలబడ్డారు. సరిపోలలేదు. రెండోరోజు రత్నం చేసిన మొహంతో నిలబడ్డారు. సరిపోలింది. అనుమానం మిగలకూడదని మూడేసిసార్లు చూశారు. ప్రతిసారీ అంతే. నివేదిక నిష్పక్షపాతంగా ఉంది.

'రంగు వేసుకొనిన వ్యక్తియే అసలు తాతారావు అని నిర్ధారణ అయినది. ఇతనిపై అభియోగము ఉపసంహరించడమైనది. రంగు వేసుకొనని వృద్ధుడు ఎవరో తెలియరాలేదు. ఇతడు కొన్ని సంవత్సరములుగా మేకప్ గదిలో సంచరించుచున్నట్లు సిబ్బంది చెప్పుచున్నారు. ఇకపై సదరు బయటి వ్యక్తిని ప్రాంగణములోనికి రానీయరాదు.'

రత్నం నివేదిక రెండుసార్లు చదివింది. విశాలాక్షిగారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"గెలిచామా మేడమ్?"

"గెలిచారమ్మా. పూర్తిగా."

"అయితే ఆ రెండు రోజులూ హాజరు వేస్తారాండి?"

విశాలాక్షిగారు మొదటిసారి కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పి రత్నాన్ని చూశారు. నిజంగానే బాధపడ్డారు. "ఆ రెండు రోజులూ ఆయనెవరో తేలలేదు కదమ్మా. తేలని మనిషికి హాజరు ఎలా వేస్తాను?"

మిగిలిన ఆరు రోజులూ మాస్టారు ఒక్కటీ పోగొట్టుకోలేదు. ఏడూ ఆరూ పదమూడు. ఇరవయ్యో రోజున రత్నం సంచాలకులుగారి గది తలుపు తట్టింది. లోపలికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలు వరసగా చెప్పింది.

"సార్, ఆ విగ్గులో ఒక్కొక్క అల ఆరేదాకా ఆయన వేలితో పట్టుకున్నారండి. ముప్ఫై ఎనిమిది అలలు. నేను లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఒక్కొక్కటి అనుకున్నాను. నాకు పేరు అక్కర్లేదండి. ఆయనది ఒక్కటీ వెయ్యండి. ఒక్క గీతే కదండి."

సంచాలకులుగారు చెడ్డవారు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ మాట నిజమేనమ్మా. నూట పన్నెండు నాటకాలకు ఆ గీత లేకపోవడం అన్యాయం. ఈసారి కరపత్రంలో రూపాలంకరణ అన్న గీత ఉండి తీరాలి. నేను హామీ ఇస్తున్నాను. విశాలాక్షిగారూ, ఆ విభాగంలో డెబ్బై అయిదు శాతం దాటిన పర్మినెంటు సిబ్బంది ఎవరో చూడండి."

విశాలాక్షిగారు చూశారు. ఒక్కరే ఉన్నారు. వంద శాతం.

కరపత్రం సాయంత్రానికి అచ్చయి వచ్చింది. హోటలు పేరు కింద, మైకు పేరు పైన, బొద్దు అక్షరాల్లో ఉంది. 'రూపాలంకరణ: రాణి చంద్రాయమ్మ.'

మాస్టారు దాన్ని దూరంగా పట్టుకుని చదివారు. రత్నం నేల చూపులు చూస్తోంది.

"తప్పేముందమ్మాయ్," అన్నారాయన. "తన మొహానికి తనే పూచీ పడింది. మిగతా ఎనిమిదిమందివీ కూడా నెత్తినేసుకుంది పాపం." కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "పద, అలలు ఇంకోసారి చూద్దాం. కుడిచెవి మీద ఒకటి లేచింది."

ప్రదర్శన రోజున మాస్టారు సాయంత్రం అయిదుంబావుకు ఎనభై ఏడు నాటి మొహంతో గేటు దాటారు. బయటి వృద్ధుణ్ణి రానీయొద్దన్న ఉత్తర్వు అమల్లో ఉంది కనుక వేరే దారి లేదు. హాలు నిండింది. బుల్లెమ్మగారు మూడో వరసలో కూర్చున్నారు.

రెండో అంకంలో దీపాలన్నీ తగ్గాయి. మేడమెట్ల మొదట్లో చిన్న వెలుగు. హైమావతి నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. బూడిదరంగు మొహం, నేరేడు పెదాలు, ఎవరూ ఏడవని కళ్ళు. దీపం కాస్త పైకెత్తేసరికి ఆ వెలుగు జుట్టుమీద ఒక అలనుంచి ఇంకో అలకు జారుతూ చెవిదాకా వెళ్ళింది. ఒక మెట్టు. ఇంకో మెట్టు. ముందు వరసలో సంచాలకులుగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. తానే శాలువా కప్పిన ఉద్యోగి అన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తున్నట్టు లేదు.

హాలంతా ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో మూడో వరసలోంచి గుసగుస ఒకటి, పక్కావిడకు చెబుతున్నది, అందరికీ వినిపించింది.

"నా సవరమండి అది. కట్టింది మా ఆయన."

తెర పక్కన నిలబడ్డ మాస్టారికీ వినిపించింది. చప్పట్లు మొదలయ్యాయి. రత్నం ఆయన వైపు చూసేసరికి ఆలస్యమైపోయింది. కళ్ళనుంచి నీళ్ళు దిగి, ముక్కు పక్కన చెరిపిన గీతలన్నీ మళ్ళీ గీసేశాయి. ఎడమ చెంప ఊడి కాలరు మీద వేలాడుతోంది.

"మాస్టారండీ, ఏడవకండి! బయటికెళ్ళేటప్పుడు మిషనుకి చూపించాలి!"

"చూపించను పో," అన్నారు మాస్టారు, రెండో చెంప కూడా పీకేసి రత్నం చేతిలో పెడుతూ.

అన్నట్టే గేటు దగ్గర ఎర్రదీపం వెలిగింది. సరిపోలలేదు. మాస్టారు దానికి నమస్కారం పెట్టి, బుల్లెమ్మగారి చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

యంత్రం లెక్కలో తాతారావు గారు ఆ సాయంత్రం అయిదుంబావుకు లోపలికి వెళ్ళారు. ఇంతవరకు బయటికి రాలేదు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగికి పదవీ విరమణ ఇవ్వడం కుదరదని ఆయన ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది. ఆయన ఇంటి దగ్గర కనకాంబరాలకు నీళ్ళు పోసుకుంటున్నారు. రాణి చంద్రాయమ్మకు నాటకం అయిపోయాక హాజరు తగ్గడంతో మెమో ఇచ్చారు. జవాబు రాలేదు. రత్నం ఇప్పుడు ఆ అద్దం ముందు ఒక్కతే పనిచేస్తోంది. రెండో బల్బు ఇంకా రాలేదు.

ఆ నాటకం కరపత్రం ఎప్పుడైనా మీ చేతికి వస్తే, ఏ పాత పుస్తకంలోనో మడిచిపెట్టి దొరికితే, హోటలు పేరు కిందున్న గీత దగ్గర ఒక్క క్షణం ఆగండి. అక్కడ అచ్చయిన పేరును పక్కన పెట్టి, కోలా తాతారావు అని చదువుకోండి. ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. ఎలా ఉంటారో మీకు తెలియకపోయినా ఫరవాలేదు. ముఖంతో పనిలేదు.